కబురు వస్తే చెట్టు కదులుతుందా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, ఉండుండి 165 దాకా విసురు. తెల్లారి చూస్తే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటలు నేలకొరిగి ఉన్నాయి, జీడిమామిడి చెట్లు వేళ్లతో సహా పెళ్లగిలిపోయాయి. అది చెప్పకుండా వచ్చిన తుఫాను కాదు. గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య తీరం దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. సరిగ్గా అక్కడే దాటింది.

అంత సరిగ్గా నిజమైన హెచ్చరిక తర్వాత కూడా ఉద్దానంలో చాలామందికి ఆ కబుర్ల మీద గురి కుదరలేదు. అది మొండితనం కాదని నా అభిప్రాయం. వాళ్ల వాదనలో బలముంది, దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యతా ఉంది. కింద మాట్లాడేవాళ్లిద్దరూ కల్పిత వ్యక్తులు. ఒకరు తిత్లీకి తోట పోగొట్టుకున్న వజ్రపుకొత్తూరు మండలం రైతు. ఇంకొకరు ఆయన మేనకోడలు, టెక్కలి దగ్గర హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతుంది. మనుషులు కల్పితమైనా ఈ మాటలు ఆ ప్రాంతంలో ఎవరి ఇంటి అరుగు మీదైనా వినిపించేవే.

మావయ్య: తిత్లీ వస్తాదన్నారు. చెప్పినట్టే వచ్చింది. నేను కాదనను తల్లీ. కానీ చెప్పినందువల్ల నాకు ఒరిగిందేటి? కబురు వస్తే చెట్టు కదులుతుందా? మా నాన్న పాతిన కొబ్బరి, నేను పెంచిన జీడిమామిడి, అన్నీ ఒక్క పొద్దుటికి పోయాయి. రెండు రోజుల ముందు తెలిసినా పోయేవే, రెండు నెలల ముందు తెలిసినా పోయేవే. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. ఈ వయసులో నేను పాతే మొక్క ఎవరి కోసం?

మేనకోడలు: చెట్టు కదలదు మావయ్యా. అందుకే కబురు చెట్టుకి కాదు, నీకు పంపారు.

మావయ్య: నేనూ కదల్లేదు. ఇంట్లోనే ఉన్నాను. బతికే ఉన్నాను కదా?

మేనకోడలు: నీది డాబా. పక్క వీధిలో రేకుల ఇళ్లు, తాటాకిళ్లు ఎన్ని ఉన్నాయో నీకే తెలుసు. నువ్వు ఉండిపోతే నిన్ను చూసి వాళ్లూ ఉండిపోతారు. పెద్దాయనే కదల్లేదు, మనకేటి అంటారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. 1999 అక్టోబరు 29న ఒడిశాలో సూపర్ సైక్లోన్‌కి మళ్లీ దాదాపు అంతమంది. 2013 అక్టోబరు 12న పైలిన్ గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు గాలితో మన పక్కనే గోపాల్‌పూర్ దగ్గర దాటింది. ఆ రోజు ఒడిశాలో ఇంచుమించు పది లక్షల మందిని ముందే ఇళ్లలోంచి తరలించారు. చావులు వేలల్లోంచి పదుల్లోకి వచ్చాయి. పైలిన్ ఏమీ చిన్న తుఫాను కాదు. నీళ్లూ గాలీ వచ్చేసరికి మనుషులు అక్కడ లేరు, అంతే.

మావయ్య: దివిసీమ సంగతి వేరు. అది పల్లపు నేల. మాకు సముద్రానికీ తోటలకీ మధ్య ఇసుక దిబ్బలున్నాయి.

మేనకోడలు: నీ ఊరికి ఉన్నాయి. భావనపాడు దగ్గర ఉప్పుటేరు పక్కన ఉన్నవాళ్లకి? నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లకి? బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోట ఉన్నవాళ్లకి? సముద్రం లోపలికి రావడానికి దిబ్బ ఎక్కి రానక్కర్లేదు, ఏటి నోటిలోంచి వస్తుంది. హెచ్చరికలో గాలి ఎంత అన్నది అందరూ వింటారు. ఉప్పెన ఎంత ఎత్తు అన్నది కూడా అందులోనే ఉంటుంది, మామూలు ఆటుపోటు మీద మీటరా, రెండు మీటర్లా అని. దాన్ని వినేవాళ్లు తక్కువ. తుఫాన్లలో ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది గాలి కాదు, ఆ నీళ్లే.

మావయ్య: సరే. మరి 2021 డిసెంబరులో జవాద్ అన్నారే, దానికేమంటావు? బళ్లు మూసేశారు, రైళ్లు ఆపేశారు, వేల మందిని షెల్టర్లకి తోలారు. ఏటయింది? ఒడ్డుకి రాకముందే నీరసపడిపోయింది. మరుసటేడు మేలో అసని అన్నారు. సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి ఒడ్డుకి ఎక్కడిదో బంగారు రంగు మందిరం కొట్టుకొచ్చింది, జనమంతా చూడ్డానికి పోయారు. తుఫాను మాత్రం మచిలీపట్నం వైపు పోయింది. మొన్న 2025లో మొంథా అన్నారు, అది నరసాపురం దగ్గర దాటింది. ఎన్నిసార్లు మూటలు కట్టుకోవాలి తల్లీ?

మేనకోడలు: పక్కకు పోయినవి చెప్పావు. తేదీలు చూడు. 2013 అక్టోబరు 12 పైలిన్, మనకి ఉత్తరాన. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, మనకి దక్షిణాన విశాఖలో. వరసగా రెండేళ్లు ఒకటే తేదీ. రెండుసార్లూ మన ఊరు మధ్యలో మిగిలింది. అప్పుడు మీరేమనుకున్నారు?

మావయ్య: గండం గడిచిందనుకున్నాం.

మేనకోడలు: 2018 అక్టోబరు 11న అదే గండం సరాసరి మీ ఇంటి మీదికి వచ్చింది. సముద్రంలో ఉన్న తుఫాను బొంగరంలా తిరుగుతూ జరుగుతుంది. రెండు రోజుల ముందు దాని దారిని ఊరి పేరుతో సహా చెప్పడం ఈ రోజుకీ ఎవరి వల్లా కాదు. అందుకే ‘గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య’ అంటారు. ఆ రెండింటి మధ్య దూరం సుమారు 130 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి, అన్నీ ఆ ‘మధ్య’లోనే ఉన్నాయి. నీ ఊరి పేరు చెప్పలేదు కాబట్టి నీకు కాదనుకున్నావు. ఊరి పేరు చెప్పలేదంటే నీ ఊరు కూడా అందులో ఉందనే.

మావయ్య: తేలిగ్గా అనేశావు. ఆ ‘మధ్య’లో ఉన్న ప్రతిసారీ పని ఆపుకునేది ఎవరు? నీకు బడి మూసినా జీతం ఆగదు. దేవునల్తాడలో, మంచినీళ్లపేటలో నాలుగు రోజులు పడవ ఒడ్డున ఉంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. కాశీబుగ్గలో జీడిపప్పు ఒలిచే ఆడమనిషికి ఆ రోజు కూలి పోతుంది. మీ హెచ్చరిక తప్పితే మీకు పోయేదేమీ లేదు. మాకు ప్రతిసారీ పోతుంది.

ఈ మాటకు మేనకోడలు వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పలేకపోవడమే న్యాయం. హెచ్చరిక ఖర్చును బీదవాళ్లు మోస్తున్నారన్నది నిజం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపినందుకు మత్స్యకారులకు భృతి ఇచ్చే ప్రభుత్వానికి, తుఫాను పేరున ఆగిపోయిన రోజులను కూడా లెక్కగట్టడం కష్టం కాదు. కూలి పోదని తెలిసిన మనిషి ఒడ్డున ఉండమంటే ఉంటాడు. అది దయాధర్మం కాదు, హెచ్చరిక పనిచేయడానికి కావలసిన సరంజామాలో ఒక భాగం.

మేనకోడలు: కూలి సంగతి నువ్వన్నదే నిజం మావయ్యా, దాని మీద వాదించను. కానీ ఒక్కటి అడుగుతాను. 2021 సెప్టెంబరు 26న గులాబ్ వచ్చింది. అది పెద్దదేమీ కాదు. గాలి 75 నుంచి 85. ఆ రోజు ఒడిశా నుంచి పడవలో వస్తున్న మన వాళ్లు ఈ ఒడ్డుకి దగ్గర్లోనే అలల్లో పడ్డారు. అందరూ ఇల్లు చేరలేదు. చిన్నదే కదా అనుకునే తుఫాను కూడా పడవలో ఉన్న మనిషికి చిన్నది కాదు.

మావయ్య: అది తెలుసు. ఊరంతా ఏడ్చింది. కానీ చిన్నదేదో పెద్దదేదో మాకెలా తెలుస్తాది? అల్పపీడనం అంటారు, వాయుగుండం అంటారు, తీవ్ర వాయుగుండం అంటారు, తుఫాను, తీవ్ర తుఫాను, అతి తీవ్ర తుఫాను. వినేవాడికి అన్నీ ఒకలాగే ఉంటాయి. పైగా మూడో నంబరు, పదో నంబరు. అదేటి?

మేనకోడలు: ఆ పేర్లన్నీ గాలి కొలతలు. గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే వాయుగుండం, 50 అయితే తీవ్ర వాయుగుండం. 62 నుంచి దానికి తుఫాను అని పేరు పెడతారు. 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను. ఇందులో జనం ఎప్పుడూ పొరబడేది ఒకచోట ఉంది. గులాబ్ 80, తిత్లీ 150 అంటే రెండింతలకి కాస్త తక్కువ అనుకుంటాం. గాలి వేగం రెండింతలైతే అది చెట్టు మీద, రేకు మీద వేసే తోపు నాలుగింతలవుతుంది. గులాబ్ లాంటి గాలికి తోట ఊగుతుంది. తిత్లీ లాంటి గాలికి పడుతుంది. అందుకని తీవ్ర వాయుగుండం అన్నప్పుడు తట్టుకున్నాను కదా, అతి తీవ్ర తుఫాను అన్నా తట్టుకుంటాను అనుకోకూడదు.

మావయ్య: మరి నంబర్లు?

మేనకోడలు: అవి మన కోసం కావు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ లాంటి రేవుల్లో ఓడలకి చూపించే గుర్తులు. పగలు ఒక గుర్తు, రాత్రి దీపాలు. ఒకటి, రెండు అంటే తుఫాను ఇంకా దూరాన ఉంది. మూడు, నాలుగు అంటే ఆ రేవులో వాతావరణం చెడబోతోంది. అయిదు నుంచి ప్రమాదం, ఎనిమిది నుంచి పెను ప్రమాదం. ఎనిమిది కన్నా తొమ్మిది, తొమ్మిది కన్నా పది పెద్దవి అనుకుంటారు జనం. కాదు. మూడూ ఒకే పెను ప్రమాదం. తుఫాను రేవుకి ఏ పక్కనుంచి దాటుతుందన్నదే తేడా. పది అంటే రేవు మీదుగానో, ఆనుకునో దాటుతుందని. ఆఖరున పదకొండు ఉంది, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దాని అర్థం.

మావయ్య: ఇన్నాళ్లూ టీవీలో మూడో నంబరు అంటే, పదికి మూడే కదా అని పడుకున్నాను.

మన పత్రికలూ టీవీలూ తుఫాను వార్తను రేవు నంబరుతో మొదలుపెట్టడం నాకెప్పుడూ నచ్చదు. నంబరు పొట్టిగా ఉంటుంది, శీర్షికలో ఇముడుతుంది. కానీ పల్లెలో ఉన్న మనిషికి కావలసినవి మూడే. ఎప్పటికి వస్తుంది, గాలి ఎంత, నీళ్లు ఎంత ఎత్తు. అవి వార్త అడుగున ఎక్కడో ఉంటాయి.

మేనకోడలు: నీకు పనికొచ్చేవి హెచ్చరిక రంగులు. పసుపు అంటే గమనిస్తూ ఉండు. నారింజ అంటే సిద్ధం కా. ఎరుపు అంటే ఇక చెప్పిన పని చెయ్యి. ఈ రంగులు గాలికే కాదు, వానకీ ఉంటాయి. భారీ వర్షం అంటే రోజుకి 64.5 మిల్లీమీటర్ల పైన, అతి భారీ అంటే 115 దాటి, అత్యంత భారీ అంటే 204 దాటి. చెప్పడంలో ఒక్క మాట తేడా, వరాహగెడ్డ పక్కన ఇల్లున్నవాడికి మాత్రం చాలా తేడా. తుఫానుకైతే గంటల లెక్క కూడా ఉంది. తీరంలో చెడు వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు ఇంకోటి. తీరం దాటడానికి 12 గంటల ముందు, దాటిన తర్వాత లోపలి ఊళ్లకి ఏమవుతుందో చెబుతారు. నువ్వు వినాల్సింది ఆ గంటలు.

మావయ్య: గంటలు విని ఏం చెయ్యను? తిరిగి అక్కడికే వచ్చాం. చెట్టు కదలదు.

మేనకోడలు: చెట్టు కదలదు, కాయ దిగుతుంది. 48 గంటలుంటే ముదురు కాయలు దింపించొచ్చు. ఆరబెట్టిన జీడిపిక్కల బస్తాలు రేకుల షెడ్డులోంచి డాబాలోకి మార్చొచ్చు. ఇంటి మీదికి వంగిన కొమ్మలు కొట్టించొచ్చు. బోరు మోటారు నడుస్తుండగానే తొట్టెలు, బిందెలు నింపుకోవచ్చు. తిత్లీ తర్వాత కరెంటు స్తంభాలు వేలల్లో పడిపోయి, మోటార్లు నడవక మంచినీళ్లకి ఎంత అవస్థ పడ్డామో మర్చిపోయావా? ఆవుల పలుపు విప్పెయ్యొచ్చు. కట్టేసిన గొడ్డు ఎక్కడికీ పోలేదు, విప్పేసింది మెరక వెతుక్కుంటుంది.

మావయ్య: మా నాన్న రోజుల్లో ఏ కబురూ లేదు. సముద్రం మోత మారితే తెలిసేది. ఆకాశం ఎర్రబడితే తెలిసేది. చీమలు గుడ్లు మోసుకుపోతే తెలిసేది. మాకు ఆ చదువు ఉంది.

మేనకోడలు: ఆ చదువుని కొట్టిపారెయ్యను. కానీ తిత్లీ అక్టోబరు 8న వాయుగుండం, 9న తుఫాను, 10 మధ్యాహ్నానికి అతి తీవ్ర తుఫాను, 11 తెల్లవారకముందే నీ గుమ్మంలో ఉంది. మన ఒడ్డున ఆకాశం మారేసరికి నీకు మిగిలేది ఒక్క పూట. అది కూడా రాత్రి. చీకట్లో సముద్రం మోత విని మూటలు సర్దుకుంటే ఎక్కడికి పోతావు? ఆ రాత్రి గాలి మధ్యలో ఆగిందని నువ్వే చెప్పావు.

మావయ్య: ఆగింది. ఉన్నట్టుండి చప్పుడు లేదు. అయిపోయిందనుకుని పశువుల సాల కేసి వెళ్లాను. ఇంతలో ఇటు కొట్టిన గాలి అటునుంచి అందుకుంది. సాల రేకు నా పక్కనుంచే పోయింది.

మేనకోడలు: అది తుఫాను కన్ను. మధ్యలో గాలి ఉండదు. మన తీరానికి తుఫాను ఆగ్నేయం నుంచి వస్తుంది కాబట్టి ముందు ఈశాన్యపు గాలి కొడుతుంది, కన్ను దాటాక నైరుతి నుంచి తిరగబడుతుంది. మొదటి గాలికి సగం ఊడినవన్నీ రెండో గాలికి ఎగురుతాయి. గాలి ఆగిందని బయటికి వెళ్లినవాళ్లు దెబ్బతింటారు. దాటిపోయిందని అధికారులు చెప్పేదాకా తలుపు తీయకూడదు. ఇది నీ నాన్నగారి చదువులో కూడా ఉండే ఉంటుంది, మనమే మర్చిపోయాం.

మావయ్య: ఉండేది. ‘ఎదురుగాలి’ వచ్చి పోయేదాకా కదలొద్దనేవాడు.

మేనకోడలు: దాటిపోయింది అన్నాక కూడా అయిపోయినట్టు కాదు. తిత్లీ పలాస దగ్గర నేల మీదికొచ్చి అక్కడ చచ్చిపోలేదు. ఈశాన్యానికి తిరిగి ఒడిశా కొండల మీద కుమ్మరించింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషులు పోయారు. ఆ నీళ్లే వంశధారలోకి దిగి మన జిల్లాలో ఊళ్లని ముంచాయి. గాలి తగలని ఊరికి మరుసటి రోజు వరద వచ్చింది. తీరం దాటింది అనగానే టీవీ కట్టేసినవాళ్లకి ఆ సంగతి తెలియలేదు.

మావయ్య: టీవీ ఎక్కడిది, కరెంటే లేదు. ఫోన్లు చచ్చిపోయాయి. ఉన్న నాలుగు ఫోన్లలో ఎవడో పంపిన వాట్సాప్. సునామీ అని ఒకడు, ఇంకో తుఫాను అని ఒకడు.

మేనకోడలు: అందుకే బ్యాటరీ రేడియో ఒకటి ఉంచుకోమంటాను. ఫోనులో ఏది వచ్చినా తేదీ, గంట చూడు. తుఫాను మొదలయ్యాక వాతావరణ శాఖ మూడు గంటలకోసారి కబురు ఇస్తుంది, ఒడ్డు దగ్గరికొచ్చాక గంటగంటకీ ఇస్తుంది. నిన్నటి కబురు ఈ రోజుకి అబద్ధం కిందే లెక్క. తేదీ లేని మెసేజ్‌ని ఎవరికీ పంపకు. ఇంకోటి, తుఫాను ఏడాదికొకటి రావచ్చు, రాకపోవచ్చు. వేసవిలో పిక్కలు ఏరే రోజుల్లో పిడుగులు మాత్రం ప్రతి ఏడూ ఉంటాయి. వాన మొదలవగానే అందరూ జీడిమామిడి చెట్టు కిందికే చేరతారు. అంతకంటే చెడ్డ చోటు లేదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై అంకెలు లెక్కపెట్టే లోపు చప్పుడు వినపడితే తోట ఒగ్గేసి పక్కా ఇంట్లోకి పోవాలి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి. దామిని అనే యాప్ దగ్గర్లో పడుతున్న పిడుగుల్ని చూపిస్తుంది.

మావయ్య: అన్నీ బాగానే చెప్పావు. ఇప్పుడు నేనొకటి చెబుతాను, దీనికి జవాబు చెప్పు. మీ అత్తకి వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. తిత్లీ నాటికి ఆమెకి ఈ జబ్బు లేదు. రేపు అలాంటిది వస్తే? రోడ్డు మీద చెట్లు పడతాయి. కరెంటు ఉండదు. షెల్టరుకి పొమ్మంటారు. షెల్టరులో బియ్యం ఉంటుంది, పప్పు ఉంటుంది. యంత్రం ఉంటుందా? ఉద్దానంలో ఇంటికో కిడ్నీ మనిషి. వాళ్లకి గాలి కాదు తల్లీ యముడు, గాలి తర్వాతి వారం.

ఈ సంవాదమంతా ఈ ఒక్క ప్రశ్న కోసం రాశాను. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఉన్న నేల ఇది. కారణం ఈనాటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. సోంపేటలో, కవిటిలో, టెక్కలిలో డయాలసిస్ కేంద్రాలున్నాయి. ఒక్కో విడత సుమారు నాలుగు గంటలు. దానికి శుద్ధి చేసిన నీళ్లు 120 లీటర్ల దాకా కావాలి. అంటే కేంద్రంలో జనరేటరు ఒక్కటే ఉంటే చాలదు, నీళ్లు కూడా ఉండాలి, రోగి అక్కడికి చేరడానికి దారి ఉండాలి. ఇంత మంది యంత్రం మీద బతుకుతున్న తీరానికి, ఏ తీరానికైనా పంపే మామూలు హెచ్చరిక సరిపోదు.

మేనకోడలు: షెల్టరులో యంత్రం ఉండదు. ఆ మాట దాచను. కానీ అత్తకి ఆ 48 గంటలే ప్రాణం. తుఫాను వస్తుందన్న మొదటి కబురుకే ఆసుపత్రికి ఫోన్ చేసి, మన వంతు రాకపోయినా గాలికి ముందే ఒక విడత చేయించెయ్యాలి. శుక్రవారం వంతు ఉండి గురువారం తుఫాను అంటే, బుధవారమే వెళ్లాలి. ప్రపంచంలో తుఫాన్లున్న చోటల్లా డయాలసిస్ రోగులకి చెప్పేది ఇదే. ఆ తర్వాత రోజులు గడపడానికి డాక్టరుని అడిగి తిండి పథ్యం ఒకటి రాయించి పెట్టుకోవాలి. నీళ్లు తగ్గించాలి, ఉప్పు తగ్గించాలి, పొటాషియం ఉన్నవి ముట్టకూడదు. మందులు రెండు వారాలవి ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. ఆసుపత్రి చీటీలు వాటితోపాటే ఉండాలి.

మావయ్య: పొటాషియం ఉన్నవంటే?

మేనకోడలు: అరటిపండు. అన్నిటికన్నా ముందు కొబ్బరినీళ్లు. తిత్లీ మర్నాడు తాగడానికి నీళ్లు లేవు, తోట నిండా పడిపోయిన చెట్లకి బొండాలు. ఊళ్లో అందరూ అవే కొట్టుకుని తాగారు. మామూలు మనిషికి అది అమృతం. కిడ్నీలు పనిచేయని మనిషికి ఆ పొటాషియం రక్తంలో పేరుకుని గుండె ఆగిపోవచ్చు. దాహం వేస్తోంది పాపం అని ప్రేమగా ఇచ్చే బొండం అత్త ప్రాణం తీయొచ్చు. సహాయం పంచడానికి వచ్చేవాళ్లకి కూడా ఇది తెలియదు, అరటిపళ్లే తెస్తారు.

మావయ్య: ఇది నాకెవరూ చెప్పలేదు. డాక్టరు కొబ్బరినీళ్లు వద్దన్నాడు గానీ, తుఫాను రోజున ఇంకేముంటుంది ఇవ్వడానికి? నేను ఇచ్చేసి ఉందును.

మేనకోడలు: అందుకే అత్త కోసం మంచినీళ్లు విడిగా మూత పెట్టి దాచాలి. కొంచెమే చాలు, ఆమె తాగేదే కొంచెం.

మావయ్య: సరే, అత్త సంగతి నేను చూసుకుంటాను. మొదటి కబురుకే పలాస తీసుకుపోతాను, ఒట్టు. కానీ నేను ఒప్పుకోనిది ఇంకా ఉంది. మా వీధి చివర ఒంటరి ముసలామె ఉంది. కొడుకులు చెన్నైలో. ఆమెకీ డయాలసిస్సే. ఆమెకి ఫోన్ చేసేదెవరు? ఆమె వంతు ముందుకి జరిపేదెవరు? చెట్లు పడకముందే ఆటో పంపేదెవరు? ఎరుపు రంగు చూపిస్తే ఆమె లేచి నడుస్తుందా? నువ్వు చెప్పిన గంటలన్నీ కాలూ చెయ్యీ ఆడేవాడికే. రెవెన్యూ ఆఫీసులో గొర్రెల లెక్క ఉంటుంది, పడవల లెక్క ఉంటుంది. ఏ ఇంట్లో యంత్రం మీద బతికే మనిషి ఉందో ఆ లెక్క షెల్టరు తాళం ఉన్నవాడి దగ్గర ఉండాలి. అది లేనన్నాళ్లు మీ హెచ్చరిక సగమే అంటాను.

మేనకోడలు: అను మావయ్యా. గ్రామసభలో కూడా అదే మాట అను. ఆసుపత్రిలో పేర్లున్నాయి, ఆశా కార్యకర్తకి ఇళ్లు తెలుసు, సచివాలయంలో ఫోన్లున్నాయి. ఆ మూడింటినీ ఒక కాగితం మీదికి తేవడానికి కొత్త పథకం అక్కర్లేదు.

మావయ్య: అక్టోబరు లోపు తేవాలి. నవంబరులో తెచ్చి ఏం లాభం?

ఇద్దరిలో ఎవరు గెలిచారన్నది నేను తేల్చను. కానీ మావయ్య అడిగిన ఆ కాగితం విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఉద్దానంలోని ప్రతి గ్రామ సచివాలయంలో, ప్రతి తుఫాను షెల్టరు గోడ మీద ఏటా సెప్టెంబరు నెలాఖరుకల్లా డయాలసిస్ రోగుల వివరాలు సిద్ధంగా ఉండాలి. పేర్లు గోడ మీద రాయనక్కర్లేదు, ఎవరు ఎవరిని తీసుకెళ్లాలో తెలిసినవాడి ఫోన్ నంబరు ఉంటే చాలు. మీ ఇంట్లో అలాంటి రోగి ఉంటే తర్వాతి విడతకు వెళ్లినప్పుడే డాక్టరును రెండు ప్రశ్నలు అడిగి రాయించుకోండి: తుఫాను వస్తే వంతు ఎన్ని గంటల ముందుకు జరుపుతారు, ఆ తర్వాత ఎన్ని రోజులు ఏ పథ్యం. పక్కింట్లో ఒంటరి మనిషి ఉంటే వాళ్ల కోసం కూడా అడగండి. జిల్లా కంట్రోల్ రూం నంబరు 1077, రాష్ట్ర విపత్తుల సంస్థ 1070, అత్యవసరానికి 112.